ఎర్రగుడ్డ కట్టిన చెట్లు

మా అక్క దయామణి వాల్తేరులో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోందంటే మా పేటలో ఎవరికీ అదేం చదువో అర్థమయ్యేది కాదు. "డాక్టరు చదువా అండీ?" అని నాన్నని అడిగేవాళ్ళు. కాదంటే పెదవి విరిచేవాళ్ళు. నాకు మాత్రం ఏం తెలిసి ఏడ్చింది? అయినా అన్నీ తెలిసినట్టే మొహం పెట్టేదాన్ని.

మా నాన్న బాలశౌరి నూజివీడు అవతల ఒక కామందు గారి మామిడితోటకు కాపలా. తోటలోనే పాక. వానొస్తే సగం పాక కారేది. చలికాలమంతా నాన్నకు దగ్గు. మా అమ్మ మగ్దలేనమ్మ పోయాక పట్టించుకునేవాళ్ళు లేక ఆ దగ్గు మరీ ముదిరింది. అక్క ఎమ్మెస్సీ ప్యాసయితే లెక్చరర్ ఉద్యోగం ఇస్తామని బెజవాడ కాలేజీ ఒకటి మాటిచ్చింది. ఉద్యోగం రాగానే నాన్నను ఆ పాకలోంచి లేపి బెజవాడ తీసుకుపోవాలి. అక్క చదువంతా అందుకే.

రెండో ఏడు ఒక రిపోర్టు రాసివ్వాలి. అది మామిడి కాపు మీదే రాస్తానంది అక్క. తోటలో చెట్లన్నీ లెక్కపెట్టక్కర్లేదట. చీట్లు తీసినట్టు కొన్ని చెట్లు ఎంచుకుని, వాటి కాయలు లెక్కేస్తే తోట మొత్తం సంగతి తేలుతుందట.

"అయితే మనకు నచ్చిన చెట్టు పట్టుకోకూడదే. చీటీలో ఏది వస్తే అదే. కాసినా సరే, కాయకపోయినా సరే" అని నాకు చెప్పింది.

అరవై రెండులో ఈస్టరు సెలవులకు వచ్చి, చీటీల్లో వచ్చిన చెట్లకు ఎర్రగుడ్డ పీలికలు కట్టింది. మన నాన్న కాపలా ఉన్న తోటే కదా, ఎవరు ముట్టుకుంటారని, ఏ వరసలో ఏ చెట్టుకు కట్టిందో విడిగా రాసిపెట్టుకోలేదు. అంత చదువు చదివి ఆ ఒక్క పని చెయ్యలేదు! పరీక్షలకు వెళ్ళిపోయి మే నెలలో వచ్చి, గుడ్డలున్న చెట్ల కాయలన్నీ కోయించి లెక్క రాసుకుని పోయింది.

క్రిస్మస్‌కు వచ్చేసరికి అక్క మొహం పీక్కుపోయి ఉంది. చర్చిలో పూజకు వెళ్ళొచ్చాక నాన్న ముందు కూర్చుంది. ఆమె లెక్కలో ఒక్కటి కూడా కాయని చెట్టు లేదట. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటేడు ఊరికే ఉంటుందని తోటలో పుట్టిన మాకు తెలియదా? అన్ని చెట్లలో ఒక్కటైనా అలాంటిది తగలకుండా ఎలా ఉంటుంది?

"నాన్నా, వేసవిలో ఆ ఎర్రగుడ్డలు ఎవరన్నా కదిపారా?"

నాన్న మొహం వెలిగిపోయింది. "ఎవరో ఎందుకు కదుపుతారమ్మా? నేనే మార్చాను. నువ్వు చూసుకోకుండా కాయని చెట్లకు కూడా కట్టేశావు. అవి విప్పి పక్కనున్న మంచి చెట్లకు కట్టాను. యూనివర్సిటీలో అంత పెద్దోళ్ళు మన తోట గురించి చదువుతారు. వాళ్ళకి మొండిచెట్లు చూపిస్తామా ఏంటి?"

మా దగ్గర కాపలావాళ్ళందరిదీ ఇదే పద్ధతి. తోట చూడ్డానికి ఎవరొచ్చినా తిన్నగా నిండుగా కాసిన చెట్టు దగ్గరికి తీసుకుపోతారు. బోసిచెట్టు చూపించడమంటే చుట్టాన్ని పిలిచి ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత పని చేశావు నాన్నా అని నోరు తెరిచాను. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"మంచి పని చేశావు నాన్నా" అంది.

బయటికొచ్చాక ఇద్దరం పోట్లాడుకున్నాం. "నోరు మూసుకుని ఆ రిపోర్టే ఇచ్చెయ్యవే. వాల్తేరులో ఎవడికి తెలుస్తుంది? జూన్‌కల్లా నాన్న బెజవాడలో ఉంటాడు" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

"నాకు తెలుసు కదే" అంది అక్క. ఆ మాట కూడా గట్టిగా అనలేదు. అలసిపోయిన గొంతుతో అంది.

వాల్తేరులో తన మేష్టారుకి, చెట్లు ఎంచడంలో పొరపాటు తనదేనని చెప్పింది. నాన్న పేరు ఎత్తలేదు. మళ్ళీ కాపు చూసి రాయమన్నారాయన. మామిడి ఏడాదికోసారే కాస్తుంది. డిగ్రీ ఏడాది వెనక్కి పోయింది. కాలేజీవాళ్ళు ఆగలేదు, ఆ ఉద్యోగంలో వేరేవాళ్ళను వేసుకున్నారు.

మళ్ళీ మే నెలలో అక్క ఇంటికొస్తే నాన్నే ఓదార్చాడు. "పోనీలేమ్మా, పోయినేడు కాపు వాళ్ళ కంటికి ఆనినట్టు లేదు. ఈసారి ఇంకా మంచి చెట్లు చూపిస్తాగా!"

"అలాగే నాన్నా" అంది అక్క.

ఆ ఎండల్లో అక్క రెండు తోటల చాకిరీ ఒక్క తోటలో చేసింది. పొద్దున్నే నాన్న వెంట తిరిగి, ఆయన చూపించిన చెట్లన్నీ ఆయన ముందే లెక్క రాసుకునేది. రాత్రి కాపలా కాసిన నాన్న మధ్యాహ్నం నిద్రపోగానే, మేమిద్దరం చీటీల్లో వచ్చిన అసలు చెట్ల దగ్గరికి పోయేవాళ్ళం. ఈసారి గుడ్డల్లేవు, వరసలన్నీ రాసిపెట్టుకుంది. వడగాడ్పు మొహాన కొడుతుంటే బోసిచెట్టు కింద నిలబడి 'సున్నా' అని రాసుకునేది. సున్నా రాయడానికి ఇంత ఎండలో రావాలా అని నేను సణిగేదాన్ని. ఆమె వరస సరిచూసుకుని తర్వాతి చెట్టుకు నడిచేది.

అరవై నాలుగులో ప్యాసయింది. నాన్న తోటంతా తిరిగి అందరికీ చెప్పుకున్నాడు. సాయంత్రం పాక ముందు కూర్చుని దగ్గు తెర ఆగాక అడిగాడు. "అయితే ఇంక నేను కాపలా మానెయ్యొచ్చామ్మా?"

చేతిలో ఉద్యోగం లేదు. ఖాళీ పడితే కబురు పెడతామని అక్కడక్కడా అన్నారు, అంతే.

"ఇంకొక్క కాపు నాన్నా" అంది అక్క.

"ఒక్క కాపేగా, ఎంతసేపు" అని నాన్న దుప్పటి భుజాన వేసుకుని లేచాడు.

ఆ కాపు నాన్న చూడలేదు. పూతకు ముందే, చలికాలంలో పోయాడు. అక్కకు బెజవాడలో ఉద్యోగం ఆ వచ్చే జూన్‌లో వచ్చింది. కాలేజీ దగ్గర్లో ఇల్లు చూసుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది.

"రెండు గదులే. వాన పడినా కారదు. ఎవర్ని తీసుకెళ్ళనే?" అంది.

నేనున్నాను కదా అనబోయి ఊరుకున్నాను.