గడ్డిమోపులో కొడవలి

నాలుగేళ్ల కిందటి మాట. పలమనేరు కోర్టులో నేను వాదించిన కేసుల్లో, గెలిచి బయటికొచ్చాక నవ్వు ఆపుకోలేకపోయింది ఈ ఒక్క కేసులోనే.

మునెమ్మ ఒంటరి మనిషి. రెండు పాడి ఆవులే ఆమెకు ఆధారం. ఒకరోజు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే, తన గట్టు మీద గడ్డి కోసిందని పక్క పొలం చెంగల్రాయుడు అడ్డం తగిలాడు. మాటా మాటా పెరిగింది. ఆమె మోపు కింద పడేసి అతణ్ణి తోసింది. అతను రాయి మీద పడ్డాడు, నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. కానీ ఆమె కొడవలిని పోలీసులకు అప్పగించి, దాంతోనే కొట్టిందని ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ ఒక్క మాటతో కేసు బరువెక్కింది. చేత్తో తోస్తే అయిన గాయం మామూలు కేసు, గాయపడినవాడు ఒప్పుకుంటే రాజీ పడొచ్చు. అదే గాయం కొడవలి లాంటి ఆయుధంతో చేస్తే ఆగ్రవేటెడ్, అంటే తీవ్రత పెరిగిన నేరం. మూడేళ్ల దాకా జైలు పడొచ్చు, రాజీకి దారి లేదు.

"తోసింది నిజమేమ్మా. కొడవలి మాత్రం ముట్టలేదు. నేను జైలుకు పోతే ఆవులకు మేత ఎవురేస్తారు?" అని మునెమ్మ ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. నేనూ గడ్డిమోపులు మోసినదాన్నే. మోపు కట్టగానే కొడవలిని అందులోకి గుచ్చేసి, ఆ తర్వాతే నెత్తికెత్తుకుంటాం.

క్రాస్‌లో, అంటే అతణ్ణి నేను ప్రశ్నించే వంతు వచ్చినప్పుడు, ముందు కొడవలి ఊసే ఎత్తలేదు. ఆ గడ్డి చివరికి ఎవరి ఆవులు తిన్నాయని అడిగాను. అతనికి రోషం పొడుచుకొచ్చింది.

"నా గట్టు గడ్డి నా ఆవులు కాక ఇంగెవురివి తినాల? కుట్లేపిచ్చుకోని వస్తానే మోపు ఇంటికి ఎత్తుకోనొచ్చినా."

"కట్టు ఇప్పింది ఎవురన్నా?"

"నేనే."

"మరి పోలీసులకిచ్చిన కొడవలి నీకు యాడ దొరికింది?"

"మోపులోనే ఉన్నింది," అనేసి నాలుక కరుచుకున్నాడు.

కట్టిన మోపులో ఉన్న కొడవలి నీ నుదుటి మీదికి ఎట్లా వచ్చిందని అడిగాను. జడ్జిగారు రాయడం ఆపి అతని వంక చూశారు. ఆ క్షణంలో నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఆయుధం అభియోగం నిలబడలేదు. మిగిలిన తోపులాటకు చెంగల్రాయుడు తల వంచుకుని రాజీకి ఒప్పుకున్నాడు. నేరాన్ని పెద్దది చేసే మాట ఏదో, దాన్నే ముందు పట్టుకోవాలని ఆ రోజు నుంచి నా పద్ధతి.

మెట్లు దిగుతూ మునెమ్మ కళ్లు తుడుచుకుంది. పొగుడుతుందేమోనని నేను నిలబడ్డాను.

"నా కొడవలి ఎప్పుడిస్తారంటమ్మా? గడ్డి కొయ్యాల," అంది.