మందు కొట్టాడన్న మాట

ఎవరో తెలియని మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే తొమ్మిదేళ్లు ఈ బరువు మోసేదాన్ని కాదు.

నేను నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ని. పిల్లల్ని పల్లె డ్యూటీలకు పంపేముందు ఊళ్ల మాటలు నేర్పే క్లాసు నాది. మా మిరప చేల వైపు ‘మందు కొట్టాడు’ అంటే తాగాడని కాదు, పురుగుమందు చల్లాడని. పట్నం పిల్లలకు అది చెప్పి తీరాలి. ఆ ఏడు చెప్పలేదు. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షనని, పది నిమిషాలు యూనిఫాం గురించీ రిజిస్టర్ల గురించీ గడగడా వాగి, ‘క్లాసు పూర్తి’ అని రికార్డులో రాసి, సంతకం గీకి, చిలకలూరిపేట బస్సెక్కేశాను. ఇంకో గంట ఉంటే ఫంక్షన్ ఆగిపోయేదా?

సునీత ఆ క్లాసులోని విశాఖపట్నం పిల్ల. అద్దంకి వైపు ఒక ఊళ్లో డ్యూటీ వేశాం. అక్కడి నర్సమ్మ టీకాలకని పక్క ఊరెళ్లిన పూట ఒకామె పరిగెత్తుకొచ్చిందట. పొద్దుట్నుంచీ మా ఆయన మందు కొట్టాడమ్మా, కళ్లు తిరిగి చేలో పడిపోయాడు అందట. సునీత ఏమనుకుంటుంది? మజ్జిగ తాగించి పడుకోబెట్టమంది. సాయంత్రం గుంటూరు తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. ఆయన భార్య పేరైనా నేను అడగలేదు.

ప్రిన్సిపాల్ గారు మా ఇద్దర్నీ పిలిచారు.

“ఈ మాట పిల్లలకు చెప్పారా మేడం?”

“చెప్పానండి. రికార్డు చూడండి.”

నోరెలా వచ్చిందో! సునీత కాదంటుందనుకున్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, “నేనే సరిగ్గా విననట్టున్నాను. సారీ మేడం,” అంది. నన్ను కాపాడాలని కాదు. మేడం అబద్ధమాడదని నిజంగానే నమ్మింది. నేను నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందనా, పరువు పోతుందనా? రెండూను.

సునీత చదువు మానేసింది. ఇప్పుడా క్లాసు నేను రెండు పూటలు చెబుతున్నాను, బాగా చెబుతానని పేరు కూడా. సిగ్గులేని బతుకు.

మొన్న ఫోన్ చేసింది సునీత. కూతుర్ని బళ్లో వేసిందట. “నా పోలికే మేడం, టీచరు చెప్పేది ఒక్కటీ సరిగ్గా వినదు,” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఛీ, నవ్వాను.

ఆ పిల్ల అన్నీ వింది. నేనే చెప్పలేదు. ఈ ముక్క ఆమెతో అనలేక మీతో అన్నాను. కాస్త ఊపిరాడుతోంది, అంతే.