పెదనాన్న ఆపిన ఫోరు

ఆ రోజుల్లో మా కోనసీమలో క్రికెట్ ఆడాలంటే బ్యాటూ బంతీ కన్నా ముందు కావలసింది ఎవరిదో ఒకరి పొలం. కొబ్బరితోటల్లో ఆడితే బంతి పైకి లేచిన ప్రతిసారీ ఏదో ఒక చెట్టు దాన్ని పట్టేసుకునేది (చెట్టు పట్టిన క్యాచ్ అవుటా కాదా అన్న తగువు మీద మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు వేసవంతా మాట్లాడుకోలేదు). అంచేత రెండో పంట దాళ్వా కోతలైపోయి, కాలవలు కట్టేసి, మళ్ళీ నీళ్ళొదిలేలోగా దొరికే ఆ నాలుగు ఎండరోజులే మాకు క్రికెట్టు. వరి దుబ్బులు చెక్కి, మధ్యలో పేడనీళ్ళతో అలికి, నీళ్ళు నింపిన డ్రమ్మును సాయంత్రం దాకా దొర్లించి పిచ్ తయారుచేసేవాళ్ళం. దాని మీద పడ్డ బంతి ఎటు తిరుగుతుందో వేసినవాడికి కూడా తెలిసేది కాదు. అయినా మా ఊరి స్పిన్నర్లంటే చుట్టుపక్కల ఊళ్ళలో భయం ఉండేది, మేం ఆ పేరు చెడగొట్టుకోలేదు.

ఆ పొలం మా పెదనాన్నది. జట్టులో నా చోటు కూడా ఆ పొలంతో పాటు వచ్చిందే. పొలం గలవాడి తమ్ముడి కొడుకుని తీసేస్తే పొలం పోతుందేమోనని మావాళ్ళ అనుమానం. బ్యాటింగ్‌లో అందరికన్నా వెనక, ఫీల్డింగ్‌లో అందరికన్నా దూరంగా, గట్టు పక్కన నన్ను నిలబెట్టేవారు. చేతులు బారజాపుకుని కదలకుండా నిలబడతానని నాకు ‘దిష్టిబొమ్మ’ అని పేరు. మొదట్లో బాధపడ్డాను గానీ, మిగతా జట్ల వాళ్ళు కూడా "దిష్టిబొమ్మ గారూ, బంతి ఇలా ఇయ్యండి" అని గారు తగిలించి పిలుస్తుంటే కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది.

తొంభైల నడుమ ఒక వేసవి. ముమ్మిడివరం వైపు నుంచి చెరువుల వేడి మా ఊరి దాకా పాకింది. నిన్నటిదాకా వరి పండిన చేలో ఇవాళ రొయ్య, రేపు చేప. మా పెదనాన్న కూడా పొలంలో చెరువు తవ్వించాలని నిశ్చయించుకుని, మట్టి తవ్వే మిషను వాడికి మాటిచ్చేశాడు. సరిగ్గా మా లీగ్ ముగిసిన మర్నాడు, సోమవారం, మిషను దిగాలి. ఈ సంగతి తెలిసి మేం అంతా టీకొట్టు దగ్గర ఆయన్ని పట్టుకున్నాం. ముందు మా కెప్టెన్ నిలబడ్డాడు. గల్ఫ్ వీసా వచ్చే వారమే వస్తుందని రెండేళ్ళుగా చెప్తున్నందుకు వాణ్ణి అందరం ‘వీసా’ అనేవాళ్ళం.

"పెదనాన్న గారూ, చెరువు తవ్వించేస్తే మేం ఎక్కడాడాలండీ?" అన్నాడు వీసా, ఆయన తన సొంత పెదనాన్నయినట్టు.

"ఏటా ఆడతారు, ఏటా ఓడిపోతారు. ఓడిపోడానికి అంత పొలం ఎందుకురా మీకు? ఇంటెనకాల సందులో ఓడిపోవచ్చు కదా!" అన్నాడు పెదనాన్న. టీకొట్టంతా నవ్వింది. నవ్వుకి ఆయనకి ఊపొచ్చింది. "సరేరా, అందరి ముందూ చెప్తున్నాను. ఈసారి కప్పు కొట్టండి. కొడితే చెరువు మాటే ఎత్తను. లేపోతే సోమారం పొద్దున్నే మిషను దిగుద్ది. ఆయ్?"

"ఆయ్" అన్నాం అందరం. మా పెదనాన్న మాటంటే మాటే. ఒకసారి కోపంలో "ఇహ కాఫీ తాగను" అన్న పాపానికి జీవితాంతం టీ తాగినవాడు.

సోమవారం లీగ్ మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ళ జట్లు వచ్చాయి. మొదటి రోజు పెదనాన్న గట్టు మీద కుర్చీ వేయించుకుని, తుండు మొహాన కప్పుకుని పడుకున్నాడు. పొలంలో మేం కొత్తగా గోతులేమైనా తవ్వుతున్నామేమో చూడ్డానికి వచ్చానన్నాడు. రెండో రోజు తుండు మొహం మీంచి భుజం మీదకి వచ్చింది. "ఒరేయ్ దిష్టిబొమ్మా, ఆ అంపైరు వేలెందుకెత్తేడురా?" అని నన్నడిగాడు. ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో బౌండరీ దగ్గర నిలబడే చెప్పాను (ఈ మధ్యలో నా పక్క నుంచి ఒక బంతి వెళ్ళిపోయింది). "అంటే కాలడ్డం పెడితే అవుటా? మరి వికెట్లకడ్డంగా చేతులెట్టుకుని నిలబడ్డ ఆ కీపర్ని అవుటివ్వరే?" అన్నాడు. గురువారం నాటికి అంపైరు మీద కేకలు వేయడం మొదలెట్టాడు. శుక్రవారం అమలాపురంలో ఏదో పనుండి కూడా వెళ్ళలేదు. పెద్దమ్మ అడిగితే "కాళ్ళు నొప్పులే" అన్నాడట. ఆ కాళ్ళతోనే సాయంత్రం మా పాస్టర్ గారబ్బాయి వికెట్ తీసినప్పుడు కుర్చీలోంచి ఎగిరాడు. ఈ పాస్టర్ గారబ్బాయి మా జట్టుకి ప్రాణం. మనిషి మెత్తన, బంతి మాత్రం మహా గట్టి. వాడి బౌలింగ్ మీదే, ఎన్నడూ లేనిది, మేం ఫైనల్‌కి చేరాం.

ఫైనల్లో మా ఎదర పడింది కాలవ అవతలి ఊరు. వాళ్ళు పెద్ద షాట్లు కొట్టరు. బంతిని మెల్లగా నెట్టి ఒక్కో పరుగూ పరిగెత్తి పరిగెత్తి గెలుస్తారు. వాళ్ళ కెప్టెన్ సన్నగా, అతి మర్యాదగా ఉండేవాడు. టాస్ ఓడినా "ఆయ్", నో బాల్ అన్నా "ఆయ్", మనం తిట్టినా "ఆయ్". శనివారం సాయంత్రం వీళ్ళని ఎలా ఆపాలా అని మావాళ్ళు తల పట్టుకుని కూర్చున్నప్పుడు, వారమంతా నోరెత్తని నాకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఫైనల్ ఆదివారం. చర్చిలో ఆరాధన అయితే గాని మా పాస్టర్ గారబ్బాయి రాడు. కాబట్టి మ్యాచ్ మొదలయ్యేసరికే పొద్దెక్కుతుంది, మధ్యలో భోజనాలు పడతాయి. పై ఊరి జట్టుకి భోజనం పెట్టడం ఆతిథ్యమిచ్చే ఊరి ఆనవాయితీ.

"వాళ్ళ బలమంతా పరుగే కదా? మనం మొదట బ్యాటింగ్ చేద్దాం. తర్వాత వాళ్ళకి పీకల దాకా పెడదాం. తిన్నవాడు పరిగెడతాడేట్రా?" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. వీసా నన్ను కౌగిలించుకుని, "ఇన్నాళ్ళూ నిన్ను గట్టు మీద నిలబెట్టి తప్పు చేసేంరా" అన్నాడు. నా జీవితంలో క్రికెట్ గురించి నాకు దక్కిన మెప్పు అదొక్కటే, అంచేత బాగా గుర్తుంది.

పెద్దమ్మకి మా కుట్ర చెప్పలేదు, పై ఊరివాళ్ళు వస్తున్నారని మాత్రం చెప్పాను. ఆవిడకి అంతే చాలు. తెల్లారేసరికి పెరట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. మినపగారెలు, నాటుకోడి కూర, ఆవపెట్టిన పనసపొట్టు, మామిడికాయ పప్పు, నేతిలో మునిగిన బొబ్బట్లు, కత్తితో కోస్తే గాని తెగని పెరుగు. టాస్ మేమే గెలిచి, బ్యాటింగ్ చేసి, పరువైన స్కోరే కొట్టాం (నా వంతు రాలేదు, అందుకే పరువైన స్కోరు). తర్వాత కొబ్బరిచెట్ల నీడన బారుగా అరటాకులు వేశారు.

వాళ్ళని కూర్చోబెట్టి మేం వడ్డిద్దామని నా పథకం. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "పై ఊరి పిల్లలు తింటుంటే మీరు నిలబడి చూత్తారేట్రా? వాళ్ళకి ముద్ద దిగుద్దా? పక్కన తోడు కూచోండి!" అని వాళ్ళొకరు, మేమొకరు చొప్పున కలిపి కూర్చోబెట్టింది. ఆవిడకి ఎదురుచెప్పే మగవాడు మా ఇంట్లో పుట్టలేదు. పాస్టర్ గారబ్బాయి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. ఆ ప్రార్థన ఇంకో గంట సాగి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాం.

మొదటి గారె దగ్గరే చిక్కొచ్చింది. "ఆయ్, చాలండి" అని వాళ్ళ కెప్టెన్ రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టేశాడు. మిగతా పది మందీ వాడిని చూసి చేతులు అడ్డం పెట్టారు. కొత్త చోట మొహమాటం కదా!

"భలేవారే! అలా మొహమాటపడితే ఎలాగండీ? ఇదిగో, నేను వేయించుకుంటున్నాను చూడండి" అన్నాడు వీసా, తన ఆకులో రెండు వేయించుకుని. వీసా రెండు తింటే కెప్టెన్ ఒకటి తిన్నాడు. ఇక అదే పద్ధతి సాగింది. వాళ్ళ చేత ఒక గరిటె కూర తినిపించాలంటే మేం రెండు గరిటెలు తినాలి. "మీరు తింటే నేనూ తింటానండి" అని పక్కవాడు అంటే కాదనడమెలా? పాస్టర్ గారబ్బాయి ఒక బక్క కుర్రాడికి ఒక బొబ్బట్టు తినిపించడానికి తాను నాలుగు తిన్నాడు. నేనైతే నా ఆలోచన పారాలన్న పట్టుదలతో, పక్కనున్న అతని కన్నా ముందే "నాకు వెయ్యి పెద్దమ్మా" అని మూడుసార్లు ఆకు ముందుకు జరిపాను. పెరుగు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు చేతులు కడుక్కుని హాయిగా లేచారు. మాలో ఇద్దరిని చేయిచ్చి లేపాల్సి వచ్చింది.

ఆ తర్వాత జరిగిన దాన్ని ఫీల్డింగ్ అనడం కష్టం. పాస్టర్ గారబ్బాయి రోజూ గట్టు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి వేసేవాడు, ఆ రోజు నాలుగడుగులు నడిచొచ్చి, త్రేన్చి వేశాడు. కీపరు ఒకసారి కూర్చున్నవాడు ఓవరంతా లేవలేదు. వాళ్ళు మాత్రం నెట్టడం, పరిగెత్తడం, నెట్టడం, పరిగెత్తడం. గట్టు మీద పెదనాన్న పరిస్థితి చూడలేం. "వొంగండ్రా! వొంగి పట్టండ్రా! కోడి పులుసు తిన్నారా, కొయ్యలు మింగేరా?" అని చేతికర్ర ఊపుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. చెరువు కావాలన్న మనిషి ఆయనేనని అప్పుడెవరైనా చెప్తే నమ్మేవాళ్ళం కాదు.

ఎలాగో ఈడ్చుకుంటూ ఆఖరి బంతి దాకా వచ్చాం. వాళ్ళు గెలవాలంటే నాలుగు పరుగులు కావాలి. బ్యాట్ పట్టుకుని వాళ్ళ కెప్టెన్. వారమంతా పెద్ద షాట్ ఒక్కటీ కొట్టని మనిషి, ఆ బంతిని గాల్లోకి లేపాడు. లేచిన బంతి సరిగ్గా దిష్టిబొమ్మ వైపే వచ్చింది. చూశాను. కదలాలనుకున్నాను. నేను వెనక్కి రెండడుగులు వేశాను గానీ పొట్ట నాతో పాటు రాలేదు. బంతి నా వేళ్ళకి తగిలి, కింద పడి, ముగ్గుతో గీసిన బౌండరీ గీత వైపు మెల్లగా దొర్లడం మొదలెట్టింది. ఎంత మెల్లగానంటే, రోజూలా ఉన్నవాడెవడైనా నడిచి వెళ్ళి ఆపొచ్చు. నేను వంగబోయి బోర్లా పడ్డాను. తలెత్తి చూసేసరికి బంతి గీత ఇవతలే ఆగి ఉంది. దాని మీద మా పెదనాన్న చేతికర్ర ఉంది.

వాళ్ళు రెండు పరుగులు తీసి ఆగిపోయారు. అంపైరుగా ఉన్న డ్రిల్లు మాస్టారు పరిగెత్తుకొచ్చి బంతినీ, కర్రనీ, పెదనాన్ననీ చూసి బుర్ర గోక్కున్నారు. అంతలో వాళ్ళ కెప్టెన్ వచ్చాడు.

"ఆయ్, పర్లేదండి. పెద్దాయన ఆపేరు కదండీ, రెండే రాసుకోండి. మ్యాచ్ మీదేనండి" అన్నాడు.

పొలం మిగిలింది! వీసా ఎగరబోయాడు. పెదనాన్న కర్ర ఎత్తి వాణ్ణి ఆపాడు.

"అదేంటి బాబూ? నేనాపకపోతే అది ఫోరే కదా. ఏదో ఊపులో కర్ర దిగిపోయింది గానీ, మీకు రావల్సింది మీరు తీసుకోవాలి."

"వద్దండి, మీ ఇంటి భోజనం తిన్నాం."

"భోజనం భోజనమే, ఫోరు ఫోరే. తీసుకోండి బాబూ."

"మీరు పెద్దోరు, అలా అనకండి. రెండు చాలండి."

"మొహమాటపడకండి. మాస్టారూ, ఫోరివ్వండి!"

"పెదనాన్న గారూ, ఊరుకోండీ, వాళ్ళే వద్దంటున్నారు కదండీ" అని వీసా ఏడుపు గొంతుతో బతిమాలాడు. ఆయన వినలేదు. ఆకు దగ్గర పెద్దమ్మ గారె వేసినట్టే, వద్దు వద్దంటున్నవాళ్ళకి బలవంతంగా ఫోరు వడ్డించేశాడు. మాస్టారు చెయ్యి ఊపారు. మేం ఓడిపోయాం.

సోమవారం పొద్దున్న మిషను దిగింది. మేం అలికిన పిచ్‌లో మిషను మొదటి గాటు పడ్డప్పుడు గట్టు మీద నిలబడి చూస్తున్న నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పెదనాన్న పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆయన కూడా పొలం వైపు సరిగా చూడలేకపోతున్నాడని తెలుస్తూనే ఉంది.

"మాట వెనక్కి తీసుకోవచ్చు కదా పెదనాన్నా" అన్నాను.

"తీసుకుంటే రేపు కాలవ అవతలికి ఏం మొహమెట్టుకుని వెళ్తాంరా?" అన్నాడు. నా వైపు తిరిగి, "అయినా నువ్వా క్యాచ్ పట్టుంటే ఇంత గొడవ లేకపోను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆయన తుండుతో కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు.

వీసాకి చివరికి నిజంగానే వీసా వచ్చింది. పాస్టర్ గారబ్బాయి హైస్కూల్లో మాస్టారయ్యాడు. పెదనాన్న ఇప్పుడు లేడు. ఆ చెరువు మాత్రం ఇప్పటికీ ఉంది. మొన్న ఊరెళ్ళినప్పుడు చేపలకి మేత వేస్తున్నారు, గట్టు మీద ఆగాను. సరిగ్గా నేను బోర్లా పడ్డ చోట నీళ్ళు కదులుతున్నాయి. నలభైలు దాటిన పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఆ దిష్టిబొమ్మని నాలుగు తిడదామనుకున్నాను. నోరు రాలేదు. ఎదటి జట్టుని ఓడించడానికి వాళ్ళకి కడుపునిండా అన్నం పెట్టడం తప్ప ఇంకో దారి తోచని కుర్రాడి మీద ఎవరికైనా కోపమెలా వస్తుంది?