నల్లోడి మంద

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ప్రొద్దుటూరులో మా వీధికంతా తెలిసిన సంగతి ఒకటుండేది: నాకు నోరు లేదని. బడిలో నా పేరు పిలిస్తే పక్క పిల్ల పలికేది. చెప్పవలసినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. (పత్తిమిల్లులో నాయనకిచ్చిన డైరీ అది, పేజీ నిండా గళ్ళే.) అట్లాంటి నా చేతికి జేజినాయన తన ముసలి కుక్కను అప్పగించాడు.

జేజినాయన, అంటే మా నాయన తండ్రి, జమ్మలమడుగు దగ్గర గొర్రెలు కాసేవాడు. ఆయన మందకు కాపలా ఆ కుక్కే, పేరు నల్లోడు. దూడంత ఉండేవాడు, కొత్తవాళ్ళు వాణ్ని చూసి వీధి మారేవాళ్ళు. ముసలితనంలో పళ్ళు ఊడి, వెనక కాళ్ళు పట్టేసి మంద వెంట నడవలేకపోయాడు. ఆ ఎండాకాలం మేత కోసం గొర్రెలను పులివెందుల వైపు తోలుకుపోతూ, జేజినాయన వాణ్ని ఎద్దులబండిలో తెచ్చి మా వాకిట్లో దించాడు. "వీడు నాకు తమ్ముని మాదిరి పాపా. నేనొచ్చేసరికి ఉండాల" అన్నాడు. అమ్మతో కాదు, నాతో.

వెంటనే గ్రంథాలయం నుంచి పశుపోషణ పుస్తకం తెచ్చాను. ముసలి కుక్కకు మెత్తని తిండి కొద్దికొద్దిగా మూడు పూటలు పెట్టాలనీ, ఎముకలు పెట్టకూడదనీ, పెద్ద జాతి కుక్కకు ఒళ్ళు పెరిగితే కీళ్ళు మోయలేవనీ అందులో ఉంది. అట్లాగే చేసి గళ్ళలో రాశాను. "ఉదయం: పాలు పోసిన రాగి గంజి. ముట్టలేదు. మధ్యాహ్నం: మజ్జిగలో పిసికిన సంగటి. ముట్టలేదు. సాయంత్రం: మాంసం ఉడికిన నీళ్ళలో మెత్తటి అన్నం, గుడ్డు. వాసన చూసి, వీధి చివరికి చూసి, తల తిప్పుకున్నాడు."

మూడో రోజుకు డొక్కలు లోపలికి పోయాయి. "ఆ పుస్తకం నువ్వు సదివినావు గానీ కుక్క సదివిందా ఏంది?" అంది అమ్మ. నాకు ఏడుపొచ్చింది. నాయన పులివెందుల బస్సు కండక్టరుతో కబురు పంపితే, మర్నాడు సాయంత్రానికి జేజినాయన వచ్చాడు.

గిన్నె చూశాడు. నల్లోణ్ని చూశాడు. "మంద రాకముందే పెడితే యెట్ల తింటాడు పాపా? గొర్రెలన్నీ దొడ్లోకి వచ్చినాక, నేను కేకేస్తేనే వాడు మూతి పెట్టేది. పుట్టినప్పట్నుంచీ అంతే" అని వీధిలోకి పోయి, చెయ్యి నోటికి అడ్డం పెట్టి, "ఓ...హో! అన్నీ వచ్చినాయి, తినురా!" అన్నాడు. నల్లోడు గిన్నె అడుగు దాకా నాకేశాడు.

పొద్దున్నే ఆయన మంద దగ్గరికి వెళ్ళిపోయాడు. నాయన మిల్లు నుంచి వచ్చేసరికి చీకటి పడేది. "ఇంటి కోడల్ని, వీధిలో నిలబడి కేకలేస్తానా?" అంది అమ్మ. ఇక మిగిలింది నేను.

మొదటి కేక నాకే వినపడలేదు. నల్లోడు జాలిగా చూశాడు. గోడ అవతల నుంచి, మేము ఖాలా అని పిలిచే పక్కింటి సాయిబులావిడ, "ఏం బేటీ, ఒక్క గొర్రె గూడా వచ్చినట్టు లేదే!" అంది. రెండోదానికి వాడి చెవి కదిలింది. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుని అరిచాను. ఎదురింటి మగ్గం ఆగిపోయింది. నేతాయన పరుగెత్తి బయటికొచ్చాడు. నేను కళ్ళు తెరిచేసరికి నల్లోడు తింటున్నాడు.

ఆ తర్వాత వీధిలో ఎదురైనవాళ్ళంతా "పాపా, మంద వచ్చిందా?" అనేవాళ్ళే. ఖాలా అయితే నా కేక విన్నాకే లాంతరు ముట్టించేది. వానలు పడ్డాక జేజినాయన తిరిగొచ్చేసరికి నల్లోడు లేచి, తూలుతూ, వాకిలి దాకా ఎదురెళ్ళాడు. ఆయన నా తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

మాతోనే ఉండిపోయిన నల్లోడు ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. సాయంత్రం ఖాలా అగ్గిపెట్టె పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. నేను వీధిలోకి వెళ్ళి, చెయ్యి నోటికి అడ్డం పెట్టి, మళ్ళీ దించేశాను. గడప దాటి ఎన్నడూ గొంతెత్తని ఖాలా, కొంగు సవరించుకుని, "అన్నీ వచ్చినాయి, తినురా!" అని నా బదులు కేకేసింది. తర్వాత లాంతరు ముట్టించుకుని లోపలికి పోయింది.

మొన్న ఆ డైరీ దొరికింది. గంజి ఎన్ని గరిటెలో, గుడ్డు సగమో మొత్తమో, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. కేక సంగతి మాత్రం ఎక్కడా లేదు. నల్లోడు తిన్న మొదటి రోజు గడిలో, "ఈ రోజు తిండి కుదిరింది" అని రాసుకుంది ఆ సిగ్గరి పిల్ల, అంతా పుస్తకం మహిమే అన్నట్టు.