శుక్రవారం కడిగిన కార్క్ నేల

మా అత్తగారు హాల్లో పాలరాతి నేల మీద జారిపడి, తుంటికి ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, మంచం దిగనని భీష్మించుకున్నారు. ఎముక అతికింది, ఇక నడిస్తేనే నడక, లేకపోతే మంచానికే అంటుకుపోతారని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట ఆవిడకి అర్థం కాక కాదు. పాదం నేలకి తగలగానే వెనక్కి లాగేసుకునేవారు. వానాకాలంలో మా కొవ్వూరు ఇళ్లల్లో ఆ రాళ్లు చెమరుస్తాయి కూడాను.

ఆవిడ గదిలో కార్క్ నేల వేయిద్దామన్నది నేను. సీసా బిరడాలు చేసే చెట్టు బెరడే, పలకలుగా వస్తుంది. మా ఆయన నవ్వి నవ్వి, సీసాలు కూడా తెప్పిస్తావా అన్నారు. నాకు ఒళ్లు మండి, మీరు ముచ్చటపడి వేయించిన పాలరాయి చేసిన నిర్వాకం చాలదా అన్నాను. ఆయన మంచం జరపడానికి వచ్చారు.

రాజమండ్రి మేస్త్రీ పాత రాళ్ల మీదే పలకలు అతికించాడు. తడిగుడ్డతో తుడుచుకోమని, బకెట్లతో నీళ్లు మాత్రం పొయ్యొద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

ముందు నేను నడిచి చూశాను. చల్లగా లేదు, జారడం లేదు, పాదం కింద కాస్త లొంగుతోంది. అత్తగారిని దింపితే కాసేపు అలాగే నిలబడ్డారు.

"మా అమ్మ అలికిన నేలలా ఉందే, అమ్మాయ్."

అన్నారు గానీ నా చెయ్యి వదల్లేదు. రోజూ బరువంతా నా భుజం మీద వేసి గుమ్మం దాకా, మళ్లీ మంచం దాకా. వదిలించుకోబోతే గోళ్లు దిగేలా పట్టుకునేవారు. ఇక ఒంటరిగా నడవరేమోనని నాకు దిగులు పట్టుకుంది.

ఒక శుక్రవారం పొద్దున్న పెరట్లో బట్టలారేస్తుంటే, లోపల నీళ్లు చిమ్మిన చప్పుడైంది. పరుగెత్తాను. అత్తగారు కుచ్చిళ్లు ఎగదోపుకుని, చేత చీపురుతో గది మధ్యలో నిలబడి ఉన్నారు. పక్కన చిన్న బకెట్టు, నేలంతా నీళ్లు. శుక్రవారం గది కడగకపోతే ఆవిడకి ముద్ద దిగదు, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. మేస్త్రీ మాట గుర్తొచ్చి అరవబోయాను. నోరు తెరిచాక అసలు సంగతి తట్టింది.

"బకెట్టు ఎవరు తెచ్చిచ్చారండి?"

"ఎవరు తెస్తారు? బాత్రూంలోంచి నేనే తెచ్చుకున్నాను."

అనేశాక ఆవిడ బాత్రూం తలుపు వైపు చూశారు, తర్వాత తన పాదాల వైపు చూసుకున్నారు. అప్పుడు గాని నా చెయ్యి కోసం వెతుక్కోలేదు. నేను వెళ్లి పట్టుకున్నాను. ఇద్దరం మంచం మీద కూర్చుని, ఆ నీళ్లని చూస్తూ కాసేపు ఏడ్చాం.

ఇప్పుడు తన గది తనే తడిగుడ్డతో తుడుచుకుంటున్నారు, నన్ను చెయ్యి పెట్టనివ్వరు. ఆ రోజు నీళ్లు దిగి, మంచం కింద గోడవార ఒక పలక ఉబ్బింది. మార్చేస్తానని మేస్త్రీ వచ్చాడు గానీ, నేను తియ్యనివ్వలేదు.