మూసిన కొట్లో మోగిన కాటా

1979 వానాకాలం. నేను విశాఖపట్నంలో తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజులు. మాది గోదావరి జిల్లా. నాతోపాటు ఈ ఊరొచ్చిన మావాళ్ళు పోర్టులోనో, కొత్తగా మొదలైన స్టీలు ప్లాంటు పనుల్లోనో దర్జాగా కుదురుకున్నారు. నాకు మాత్రం కొట్టుకొట్టుకీ తిరిగి తక్కెడ పళ్ళేల కింద వేళ్ళు పెట్టి తడిమే ఉద్యోగం దొరికింది. నన్ను చూసి ముఖం వికసించిన వ్యాపారి ఒక్కడూ లేడు. కాఫీ తెప్పిస్తారు, కడుపులో తిట్టుకుంటారు. నాకూ అలవాటైపోయింది.

మా పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బీమ్ స్కేల్ అంటే మామూలు కాటాయే. ఇనప కడ్డీకి అటొక పళ్ళెం, ఇటొక పళ్ళెం. కడ్డీ మధ్యలో ఆనుకునే పదునైన ఉక్కు అంచుని నైఫ్ ఎడ్జ్ అంటాం. అది తుప్పు పట్టిందంటే కాటా వెంటనే కదలదు, మొరాయించి మొరాయించి ఒక్కసారిగా ఊగుతుంది. మా దగ్గర వర్కింగ్ స్టాండర్డ్స్ అని ఇత్తడి తూకపు రాళ్ళుంటాయి. కొట్లో రాళ్ళని వాటితో సరిచూసి, బాగుంటే ముద్ర కొడతాం. దొంగతూకం పట్టుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పళ్ళెం అడుగున మైనమో, చింతపండు ముద్దో, సీసం ముక్కో తగులుతుంది. తగిలిందా, కేసే.

ఒకరోజు మధ్యాహ్నం మా ఆఫీసుకి ఒకమ్మాయి వచ్చింది. నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి. పేరు రహీమా. యూనివర్సిటీలో ఎకనామిక్స్‌లో రీసెర్చి చేస్తోంది. వడ్డీ లేని వ్యాపారం, సరుకు దాచకుండా అమ్మడం, కొనేవాడి దగ్గర లోపం దాచకపోవడం, ఇలాంటి ఇస్లాం ఆర్థిక పద్ధతుల మీద తన పరిశోధన. వన్‌టౌన్‌లో ఉప్పూ పప్పూ అమ్మిన ఖాదర్ సాహెబు కూతురు. ఆయన పోయి కొన్ని నెలలైంది.

"మా నాన్న కాటా ఒకసారి చెక్ చెయ్యాలి సార్," అంది.

"కొట్టు నడుస్తోందా?"

"లేదు సార్, మూసేశాం."

"మూసేసిన కొట్టు కాటాతో నాకేం పనమ్మా?"

గొడుగు కొనవైపు చూస్తూ చెప్పింది. "అది మోగుతోందంటన్నారు సార్. సాయంత్రం తలుపులేసున్న కొట్లోంచి చప్పుడొస్తోంది. నాన్న దొంగతూకం తూచారనీ, ఖయామత్ దాకా, అంటే ఆఖరి తీర్పు రోజు దాకా అక్కడే తూస్తూ ఉండాలనీ వీధంతా అనుకుంటన్నారు."

నాకు నవ్వొచ్చింది. దెయ్యానికి ముద్ర వేసే అధికారం మా శాఖకి లేదన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. ఆ కొట్లోనే ఆడపిల్లలకి బడి పెడదామనుకుంది. మగపిల్లలు మదర్సాతోపాటు స్కూలుకీ పోతున్నారు, ఆడపిల్లలకి ఖురాను చదవడంతో చదువైపోతోంది, దాంతోపాటు తెలుగూ లెక్కలూ సైన్సూ చెప్పాలని తన ఆశ. మొదట ఒప్పుకున్న ఆ పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడు వెనక్కి తగ్గారు. మసీదు పెద్ద గఫార్ సాహెబు మాటే అక్కడ మాట. హరాం సొమ్ముతో నిలబడ్డ గోడల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టం అన్నాడట.

"ఆయన్ని తప్పు పట్టడం లేదు సార్. నిజంగానే దొంగతూకమైతే నేనూ ఆ కొట్లో బడి పెట్టను. పెట్టకూడదు. నాకు తెలియాలి."

ఆ మాట విన్నాక ఇక కాదనలేకపోయాను.

మర్నాడు మూడు గంటలు దాటాక వెళ్ళాం. రాళ్ళ పెట్టే, చిన్న పరీక్ష త్రాసూ మోసేది మా ఆఫీసు అటెండరు అప్పలస్వామి. భీమిలి వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. దారి పొడుగునా సణుగుడే.

"బాబూ, సచ్చినోడి కాటా మనకేటి బాబూ? బతికున్నోల్ల కాటాలు సాలవా?"

"పొద్దున్నే జీతం తీసుకున్నావుగా, నడు."

"జీతం మీదొట్టు, లోనికి మాత్తరం నాను రాను."

వీధిలో జనం అప్పటికే పోగయ్యారు. గుమ్మానికి పది అడుగుల ఇవతలే ఆగిపోయారందరూ. గఫార్ సాహెబు ఒక్కడే ముందుకొచ్చాడు. తెల్లగడ్డం, గొంతు నెమ్మది. చూడగానే మర్యాద కలిగే మనిషి.

రహీమా తాళం తీసింది. లోపల ఉప్పు వాసన, పాత గోనెల వాసన. అమ్ముడవని ఉప్పు బస్తాలు గోడ పొడుగునా ఉన్నాయి. కాటా దూలానికి వేలాడుతోంది. రాళ్ళ పళ్ళెం గొలుసులతో కిందికి దిగి చెక్క మీద ఆనుకుని ఉంది. సరుకు పళ్ళెం తాళ్ళతో పైన ఉంది. దాని కింద ఎవరో ఖాళీ నూనె డబ్బాలు పేర్చారు. కొట్టు సర్దినప్పుడు నేనే పెట్టానంది రహీమా.

కాటా పరీక్షించేటప్పుడు గాలి తగలకూడదు, తలుపులు వెయ్యాలి. అది మా పద్ధతి. వేశాం. గఫార్ సాహెబు కూడా లోపలికొచ్చాడు, మేం నలుగురమే. అప్పలస్వామి రానన్నవాడే, బయట జనంలో ఒంటరిగా నిలబడలేక లోపలికొచ్చి నా వెనక నక్కాడు. పెంకుల సందుల్లోంచి పడే వెలుతురు తప్ప ఇంకేం లేదు. నేను పెట్టె తెరిచి రాళ్ళు తుడుస్తున్నాను.

అప్పుడు కిర్రుమంది.

తలెత్తాను. కాటాని ఎవరూ ముట్టుకోలేదు. రాళ్ళ పళ్ళెం చెక్క మీంచి లేస్తోంది. చాలా నెమ్మదిగా, ఎవరో రెండో వైపు గుప్పెడు గుప్పెడు సరుకు పోస్తున్నట్టుగా లేచింది. మధ్యలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత సరుకు పళ్ళెం ఒక్క ఊపున దిగి డబ్బా అంచుకి ఠంగుమని తగిలింది. వీధిలోంచి "యా అల్లా" అన్న కేకలు వినిపించాయి.

నాకు భయమేసింది. ఎందుకు దాచాలి? నా చొక్కా పట్టుకుని "ఓలమ్మో, ఓలమ్మో" అంటున్న అప్పలస్వామిని కసిరే ఓపిక కూడా లేదు. రహీమా మాత్రం కదల్లేదు. ఊగుతున్న పళ్ళేన్నే చూస్తూ, "నాన్నా?" అంది. ఇంట్లోకి ఎవరో వచ్చిన అలికిడైతే పిలుస్తామే, అలా.

భయం వేసినప్పుడు అలవాటైన పని చెయ్యడమే మందు. ముందుకెళ్ళి దగ్గరగా ఉన్న పళ్ళెం పట్టుకుని అడుగున వేళ్ళు పోనిచ్చాను. గట్టిగా, బొడిపెలాగా తగిలింది. తిప్పి చూస్తే లక్కతో అంటించిన సీసం ముక్క.

గఫార్ సాహెబు కళ్ళు మూసుకున్నాడు. "ఇదే సారూ. ఇదే నాను సూసినాను. ఓ సాయంత్రం ఈ గుమ్మం కాడే నిలబడి, నా కళ్ళతో నాను సూసినాను. పళ్ళెం తిరగేసి ఏటో అంటించేత్తన్నాడు. బతికున్నన్నాళ్ళూ నోరు ఇప్పలేదు. నాను పరువు తియ్యకూడదనుకున్నాను. పిల్లల బడి అనీసరికి మరి దాయలేకపోనాను."

రహీమా బస్తా మీద కూర్చుండిపోయింది. "ఐతే బడి వద్దు," అంది. ఏడవలేదు. ఆ గొంతు వింటే నాకే ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి ఈ పిల్ల కొంప ముంచానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

రిపోర్టు రాయాలి. కలం తీశాను. సీసం దొరికిన చోటు రాయడం మా ఫారంలో తప్పనిసరి. కుడి పళ్ళెమా, ఎడమ పళ్ళెమా, సరుకుదా, రాళ్ళదా. రాయబోయి ఆగాను. మళ్ళీ చూశాను. నా చేతిలో ఉన్నది గొలుసుల పళ్ళెం. రాళ్ళ పళ్ళెం!

"ఏమయ్యా అప్పలస్వామీ, దొంగ ఎక్కడ అంటిస్తాడు?"

"సరుకు పల్లెం కిందన బాబూ. ఇంకెక్కడంటిత్తాడు?"

అవును మరి. సరుకు వైపు బరువు పెడితే సరుకు తక్కువ పడుతుంది, వ్యాపారికి లాభం. రాళ్ళ వైపు పెడితే కిలో రాయి కిలో కంటే బరువవుతుంది, కొనేవాడికి సరుకు ఎక్కువ పోయాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన నెత్తిన తనే తూకం వేసుకున్నవాణ్ణి నేను చూడలేదు. పిచ్చివాడా ఈయన అనుకున్నాను.

అప్పుడు రెండో పళ్ళెం తాడు పట్టుకున్నాను. చెయ్యి చెమ్మ అయింది. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు.

"దీనికి తాడెందుకు కట్టారమ్మా? ఇటు గొలుసేగా?"

"అటూ గొలుసే ఉండేది సార్. ఉప్పు తగిలి తగిలి తినేసేది. ఎన్నిసార్లని మారుస్తారు? ఆఖరికి నాన్న గోగునార తాడు కట్టారు."

అదీ సంగతి. ఉప్పు తాగిన నారతాడు సముద్రపు చెమ్మని పీల్చుకుంటుంది. మధ్యాహ్నం పెంకుల వేడికి ఆరుతుంది, పొద్దు వాలి గాలి తిరిగితే మళ్ళీ బరువెక్కుతుంది. సరుకు వైపు తాడు బరువెక్కితే కొనేవాడికి ఆ మేరకు సరుకు తగ్గుతుంది. ఖాదర్ సాహెబు అది కనిపెట్టాడు. తాడు ఎంత తడిసినా కొనేవాడికి తక్కువ పడకుండా అటువైపు సీసం పెట్టాడు. బాగా చెమ్మగా ఉన్న పూట తూకం సరిసమానం. ఎండ కాసే పూట కొన్నవాడికి ఎక్కువ. తక్కువ పడే పూట మాత్రం లేదు. చప్పుడూ అందుకే. తుప్పు పట్టిన నైఫ్ ఎడ్జ్ సాయంత్రం దాకా బిగుసుకుని ఉండి, చెమ్మ చాలినంత ఎక్కగానే ఒక్కసారిగా వదిలేస్తోంది. ఆ ఊపుకి సరుకు పళ్ళెం సమానం దాటి కిందికి దిగి డబ్బాకి తగులుతోంది.

తలుపులు బార్లా తీయించాను. జనాన్ని గుమ్మం దాకా పిలిచాను. ఖాదర్ సాహెబు కిలో రాయి నా ఇత్తడి రాయికి సరిగ్గా తూగింది. గఫార్ సాహెబు చేత్తోనే ఆ కాటా మీద కిలో ఉప్పు తూయించాను. ఆ ఉప్పునే నేను తెచ్చిన పరీక్ష త్రాసులో పోశాను. అంత చెమ్మలో కూడా కిలోకి రవ్వంత మొగ్గే ఉంది. సీసం పీకి మళ్ళీ తూయించాను. తగ్గింది. అందరికీ కనపడేలా తగ్గింది.

వెనకనుంచి ఒక ముసలామె అంది, "అంటే ఇన్నాళ్ళూ మేం ఎక్కువట్టుకెల్లినామా?" ఆయన దగ్గర కొన్నవాళ్ళెవరూ ఇంటికెళ్ళి మళ్ళీ తూచుకోలేదు. అంత నమ్మకం. ఆ నమ్మకం వల్లే ఆయన పోయాక ఒక్కరి దగ్గరా సాక్ష్యం లేకపోయింది. ఊగిన కాటా కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. ఏళ్ళ తరబడి ఆయన తూచిన పప్పు తిన్న వీధి, ఒక చప్పుడు విని ఆయన్ని దొంగని చేసేసింది.

గఫార్ సాహెబు పళ్ళెం అడుగు చేత్తో తడిమాడు. "ఆ సాయంత్రం నాను లోపలికొచ్చి ఇదేటని అడిగుంటే సెప్పీవోడు. అడగలేదు. సూసినాను కదా అనుకున్నాను," అన్నాడు. తర్వాత రహీమా వైపు తిరిగి తల దించుకుని, "బేటీ, మా మనవరాల్ని రేపే తీసుకొత్తాను. వద్దనకు," అన్నాడు. ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది.

చట్టం ప్రకారం ఎటు మొగ్గినా తప్పు కాటా తప్పు కాటాయే. నడవని కొట్టు కాబట్టి కేసు లేదు. సీసం ముక్కని రహీమా చేతిలో పెట్టాను. వెనకవైపు లక్క మీద బొటనవేలి ముద్ర ఉంది, గీతలతో సహా. లక్క చల్లారితే ముద్ర అలాగే నిలిచిపోతుందని నాకు తెలుసు. కానీ నేను దాన్ని పీకినప్పుడు ఆ లక్క మెత్తగా, గోరువెచ్చగా ఉంది. ఎందుకలా ఉందో నాకిప్పటికీ తెలియదు. తాడు సంగతి చెప్పినంత ధీమాగా ఈ సంగతి చెప్పలేను. అప్పలస్వామి దగ్గర ఒక జవాబుంది గానీ, అది రిపోర్టులో రాసేది కాదు.

బడి మొదలైన వారం అటువైపు పనుండి వెళ్ళాను. బస్తాలు తీసేసి చాపలు పరిచారు. ఆడపిల్లలు ఎక్కాలు గొంతెత్తి చదువుతున్నారు. పిల్లలకి లెక్కలు చెప్పడానికి రహీమా అదే కాటా ఉంచుకుంది, కొత్త గొలుసు వేయించి.

"ఒకటి అడగనా అమ్మా? నష్టం ఆయనే భరించాడు. కనీసం నీతోనైనా ఎందుకు చెప్పలేదు?"

రహీమా వెంటనే అంది, "చెప్తే అది కొసరైపోద్ది సార్. అందరూ పుచ్చుకుని, ఖాదర్ సాహెబు మంచోడని మెచ్చుకుంటారు. నాన్న దాన్ని ఇచ్చాననుకోలేదు. వాళ్ళదే, తియ్యలేదంతే అనుకున్నారు. తియ్యనిదానికి మెప్పేటి సార్?"

ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు ఆ ఉద్యోగమే చేశాను. పళ్ళేల కింద సీసం ఎన్నోసార్లు తగిలింది. ప్రతిసారీ, ఎవరినైనా దొంగ అనే ముందు, అది ఏ పళ్ళెమో రెండుసార్లు చూశాను. ప్రతిసారీ అది సరుకు పళ్ళెమే అయింది.