నిజమే బాబాయి పెరటి గాలిమర

సెలూన్ నడిపే ఆయన్ని వీధంతా ‘నిజమే బాబాయి’ అంటుంది. మనిషి గొంతు మీద కత్తి పెట్టి వాదన పెట్టుకోకూడదన్నది ఆయన పద్ధతి. అందుకే కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏమన్నా "నిజమేనండీ" అంటాడు. గాలిమరలొస్తే ఊరు బాగుపడుతుందన్నవాడికీ నిజమే, చెవులు చిల్లులు పడతాయన్నవాడికీ నిజమే.

కరెంటు కంపెనీవాళ్లు మొదటి గాలిమర తన పెరటి గోడ అవతలే పెడతారని తెలిశాక మాత్రం బాబాయి గుండెల్లో రాయి పడింది. రెక్కల నీడ పొద్దస్తమానం వంటింట్లో తిరుగుతుందట. మోత ఆగనే ఆగదట. ఇంట్లో చూస్తే, గిన్నె కిందపడినా ఉలిక్కిపడి ఏడ్చే పసి మనవరాలు. ఆ దిగులుతో నిన్న ఒకాయన చెంప మీద గాటు కూడా పెట్టాడు, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది.

"కంపెనీవాళ్లు పెట్టే మీటింగులో నోరు విప్పి వద్దని చెప్పండి. అక్కడ కూడా తలూపారో, మీ తల నేను గొరిగేస్తాను!" అంది భార్య.

దారి పొడుగునా "మాకొద్దండీ, మాకొద్దండీ" అని వల్లె వేసుకుంటూనే వెళ్లాడు పాపం.

మీటింగులో కంపెనీ ఆఫీసరు ఆయన్ని ముందుకు పిలిచి, నున్నటి గడ్డం నిమురుకుంటూ నవ్వాడు.

"మొదటిది మీ ఇంటి వెనకేనండీ. మీకేం అభ్యంతరం లేనట్టేగా?"

బాబాయి కళ్లు ఆ గడ్డం మీదే నిలిచిపోయాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నిజమేనండీ."

కంపెనీవాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న భార్య, ఒళ్లో ఉలిక్కిపడ్డ మనవరాలి చెవులు రెండు చేతులతో మూసింది.